చీకటి చారిత్రక ఫాంటసీ చదవడం – 3వ పాఠం: నడివయసు నాయిక జమాఖర్చు

గత పాఠంలో ఇచ్చిన పని పూర్తయిందనుకుంటాను. కేట్ హార్ట్‌ఫీల్డ్ నవల ‘ది షాటెలేన్’ తొలి అధ్యాయాల్లో చరిత్ర ఏదో, కల్పన ఏదో విడదీయమన్నాను. సరిచూసుకోండి. 1328 నాటి బ్రూజ్ నగరం (ఇప్పటి బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలోది) చరిత్ర. ఆ ఏడాది ఆగస్టు 23న కాసెల్ దగ్గర ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్ ఫ్లాండర్స్ తిరుగుబాటుదారులను చిత్తుగా ఓడించాడు, అదీ చరిత్రే. నగరాన్ని ముట్టడించిన నరకపు యజమానురాలు (నవల పేరులోని షాటెలేన్ ఆమే), రాత్రిళ్లు గోడలెక్కి వచ్చే శవాలు కల్పన. ఆ శవాలు తెచ్చే తెగులును చరిత్ర కింద రాసినవారు దిద్దుకోండి. ఐరోపాను ఊడ్చేసిన ప్లేగు మహమ్మారి అక్కడ అడుగుపెట్టింది 1347లో.

ఇక నవల నాయిక మార్గ్రీట్ డి వోస్ సంగతి. ఏడుగురిని కని ఆరుగురిని మట్టిలో పెట్టిన తల్లి. యుద్ధంలో చచ్చిన మొగుడు శవమై నడిచొచ్చి, ఇంటి నేల కింద దాచిన నాణేలు, ఆయుధాలు పట్టుకుని నరకానికి వెళ్లిపోతాడు. ఆమె కోసమైతే రాలేదు! మిగిలిన ఒక్క కూతురికీ ఆ ఆస్తి దక్కాలని మార్గ్రీట్ నరకం మీదికే బయలుదేరుతుంది.

పడుచు నాయిక అయితే ముందు ముందు ఏమవుతుందో అన్న ఆత్రంతో చదువుతాం. అదే ఆత్రంతో మార్గ్రీట్‌ను చదివితే వట్టి గయ్యాళిలా కనిపిస్తుంది. అందుకే ఒక కాగితం మీద రెండు వరుసలు గీయండి: ఆమె పోగొట్టుకున్నవి, ఆమెకు రావలసినవి. డబ్బు, పిల్లలు, చట్టం – వీటి మాట వచ్చిన ప్రతిచోటా ఒక పద్దు వేయండి. పద్దులు పెరిగేకొద్దీ ఆమె నోటిదురుసు వెనక ఎంత బాకీ పేరుకుందో తెలుస్తుంది. ఈ నవలలో నాకు నరకం కంటే ఆ బాకీయే ఎక్కువ భయం పుట్టించింది.

నవలకు ప్రేరణ అయిన బొమ్మను కూడా ఈ వారం చూడండి: పీటర్ బ్రూగెల్ 1563లో గీసిన ‘డుల్లె గ్రీట్’ (అంటే ‘పిచ్చి గ్రీట్’). ఇప్పుడు ఆంట్‌వెర్ప్‌లో ఉంది. కవచం, ఇనుప టోపీ, చేతిలో కత్తి, చంకలో దోపిడీ సొమ్ముతో ఒక ఆడమనిషి నరకపు నోటి ముందు పెద్ద పెద్ద అంగలు వేస్తుంటుంది. చిత్రకారుడు ఆమెను వెక్కిరించాడనే చాలామంది అంటారు. నవలా రచయిత్రి మాత్రం ఆమె పక్షాన నిలిచింది.

వచ్చే పాఠానికి: మీ రెండో వరుసలో డబ్బుతో తీరనివాటి కింద గీత గీయండి. ఆ తర్వాత నరకపు యజమానురాలి పేరుతో మరో కాగితం తీయండి. ఆమెకు ఎవరు ఏం బాకీ ఉన్నారో వెతకండి.