అమెరికన్ క్రైమ్ డ్రామాను బ్రిటన్‌కు మార్చేటప్పుడు వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

'లా అండ్ ఆర్డర్' 1990లో అమెరికాలో ఎన్‌బీసీలో మొదలైంది. దాని బ్రిటిష్ రూపం 'లా అండ్ ఆర్డర్: యూకే' 2009 నుంచి 2014 దాకా ఐటీవీలో 53 ఎపిసోడ్లు నడిచింది. పాత అమెరికన్ స్క్రిప్టులనే తీసుకుని, క్రిస్ చిబ్నాల్ ముఖ్య రచయితగా, లండన్‌కు మార్చడం మొదలుపెట్టారు. ఇలాంటి పనిలో యాస, వీధుల పేర్లు మార్చడం తేలిక. చెడేది చట్టం దగ్గర. అమెరికన్ కథలో దాదాపు ప్రతి మలుపునూ అక్కడి చట్టమే తిప్పుతుంది. అందుకే తిరగరాయడానికి ముందు స్క్రిప్టులో ప్రతి మలుపు పక్కన ఎర్ర పెన్నుతో ఒక్క మాట రాసుకోండి: దీన్ని ఏ చట్టం తిప్పింది? కింద చెప్పేదంతా ఇంగ్లండ్, వేల్స్‌లకే. స్కాట్లాండ్ చట్టం వేరు, అక్కడ జ్యూరీలో, అంటే నేరం జరిగిందో లేదో తేల్చే సామాన్య పౌరుల బృందంలో, 15 మంది ఉంటారు.

సమస్య 1: ఇంటరాగేషన్ సీను మధ్యలో చచ్చిపోతోంది

అమెరికన్ సీనులో నిందితుడు "నాకు లాయర్ కావాలి" అంటాడు. డిటెక్టివ్ ఫైలు మూసేస్తాడు, సీను అయిపోతుంది. 1966 నాటి మిరాండా తీర్పు వల్ల అక్కడ ప్రశ్నలు ఆపాల్సిందే. దీన్ని అలాగే లండన్‌కు తెస్తే తప్పవుతుంది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (నిందితుడికి సలహా ఇచ్చే లాయర్) వచ్చి పక్కన కూర్చున్నాక కూడా ప్రశ్నలు సాగుతాయి.

మౌనానికి కూడా అక్కడ ధర ఉంది. 1994 చట్టం తర్వాత పోలీసులు ఇచ్చే హెచ్చరిక సారాంశం ఇది: మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, కానీ తర్వాత కోర్టులో చెప్పుకోబోయే సంగతి ఇప్పుడు అడిగినా చెప్పకపోతే మీ డిఫెన్స్‌కు దెబ్బ తగలొచ్చు. ఆ మౌనం నుంచి జ్యూరీ తనకు తోచిన అర్థం తీసుకోవచ్చు. మౌనం ఒక్కదానితోనే శిక్ష వేయడానికి మాత్రం వీల్లేదు.

పరిష్కారం: సీను ఆపకండి, బిగించండి. రికార్డర్ ఆన్‌లో ఉంటుంది. డీఎస్ (డిటెక్టివ్ సార్జెంట్) ఒక ఫొటో బల్ల మీద ముందుకు జరుపుతాడు. నిందితుడు సొలిసిటర్ వైపు చూస్తాడు, ఆమె పెన్ను కదలదు. "నో కామెంట్." ఇంకో ఫొటో. "నో కామెంట్." మూడోదానికి ఆ మాట రావడానికి ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. మలుపు ఆ ఆలస్యంలోనే ఉండాలి. అరుపులూ, కుర్చీ తన్నడాలూ తీసేయండి. ఇంటర్వ్యూ మొత్తం రికార్డవుతుంది కనుక అవి కోర్టులో పోలీసులకే ఎదురు తిరుగుతాయి.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. "నీ ఫ్రెండ్ అంతా ఒప్పుకున్నాడు" అని అబద్ధం చెప్పి నిజం రాబట్టడం అమెరికన్ సీరియళ్లకు ఇష్టమైన ఎత్తు. 1969లో అక్కడి సుప్రీంకోర్టు అలా వచ్చిన ఒప్పుకోలు చెల్లుతుందని చెప్పింది. ఇంగ్లండ్‌లో ఒక నిప్పుపెట్టిన కేసులో వేలిముద్ర దొరికిందని పోలీసులు నిందితుడికీ, అతని సొలిసిటర్‌కీ అబద్ధం చెప్పారు. 1987లో అప్పీలు కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. కాబట్టి అబద్ధం తీసేసి, ఉన్న ఆధారాల్లో దేన్ని ఎప్పుడు బయటపెట్టాలన్న ఎత్తుగడ పెట్టండి.

తెలుగు రచయితలు ఒకటి గమనించాలి. మన దగ్గర పోలీసు ముందు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. ఇంగ్లండ్‌లో సక్రమంగా తీసుకుంటే చెల్లుతుంది. మన లెక్క అక్కడ వేయకండి.

సమస్య 2: "ఐదేళ్లకు ఒప్పుకో" అనే బేరం నకిలీగా వినిపిస్తోంది

ఇంగ్లండ్‌లో ప్రాసిక్యూటర్ ఇన్నేళ్లని శిక్షను బేరం పెట్టలేడు. శిక్ష జడ్జి చేతిలో ఉంటుంది. 2005 తర్వాత, నిందితుడి తరఫున అడిగితే, ఇప్పుడు నేరం ఒప్పుకుంటే గరిష్ఠంగా ఎంత పడుతుందో జడ్జి చెప్పవచ్చు. మొదట్లోనే ఒప్పుకుంటే మూడో వంతు దాకా తగ్గుతుంది, విచారణ రోజున ఒప్పుకుంటే పదో వంతే. హత్యకు ఈ లెక్క వర్తించదు. జీవిత ఖైదు తప్పదు, కనీస కాలంలో తగ్గేది గరిష్ఠంగా ఆరో వంతు లేదా ఐదేళ్లు, ఏది తక్కువైతే అది.

పరిష్కారం: బేరాన్ని శిక్ష మీద నుంచి నేరం పేరు మీదికి మార్చండి. ఇంగ్లండ్‌లో ఫస్ట్ డిగ్రీ, సెకండ్ డిగ్రీ హత్యలు లేవు. హత్య (మర్డర్), నరహత్య (మ్యాన్‌స్లాటర్) అంతే. మానసిక స్థితి వల్ల బాధ్యత తగ్గిందనో, నిగ్రహం కోల్పోయాడనో నరహత్యకు ఒప్పుకుంటామని డిఫెన్స్ అంటుంది. ప్రాసిక్యూషన్ దాన్ని స్వీకరించాలా వద్దా? చనిపోయినవాళ్ల కుటుంబానికి ఈ సంగతి చెప్పాలి. ఆ గదిలో, ఆ తల్లి ఎదుట జరిగే సంభాషణ అమెరికన్ బేరం సీను కంటే బరువైనది. దీనికి నిడివి ధారాళంగా ఇవ్వండి.

సమస్య 3: కోర్టు సీను చూడగానే నవ్వొస్తోంది

మన సినిమా కోర్టుల్లాగే ఇలా మార్చిన స్క్రిప్టుల్లోనూ జడ్జి చేత చెక్క సుత్తి కొట్టిస్తారు. ఇంగ్లిష్ క్రిమినల్ కోర్టుల్లో జడ్జిలు సుత్తి వాడరు. బారిస్టర్ (కోర్టులో వాదించే లాయర్) జ్యూరీ ముందు పచార్లు చేయడు, తన వరుసలో నిలబడే మాట్లాడతాడు. ముద్దాయి లాయర్ పక్కన కూర్చోడు, వెనక డాక్‌లో (ముద్దాయి బోనులో) ఉంటాడు. చెవిలో గుసగుసలాడే అమెరికన్ షాట్ స్థానంలో చేతులు మారుతూ వచ్చే చీటీని చూపించండి. లండన్‌లోని పెద్ద క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలో జడ్జిని "మై లార్డ్", "మై లేడీ" అంటారు. మామూలు క్రౌన్ కోర్టులో "యువర్ ఆనర్".

అసలు నష్టం క్లైమాక్స్‌లో జరుగుతుంది. అమెరికాలో చివరి ప్రసంగం చాలాచోట్ల ప్రాసిక్యూటర్‌దే. ఇంగ్లండ్‌లో డిఫెన్స్ తర్వాత మాట్లాడుతుంది, ఆపైన జడ్జి సాక్ష్యాలన్నీ జ్యూరీకి క్రోడీకరించి చెబుతాడు. ప్రాసిక్యూటర్ హీరో అయితే, అతని గొప్ప క్షణాన్ని క్రాస్ ఎగ్జామినేషన్‌లోకి తీసుకెళ్లండి. కోర్టులో చెప్పాల్సినది సాక్షికి ముందే నేర్పే సీన్లుంటే కొట్టేయండి. అది అక్కడ నిషిద్ధం.

సమస్య 4: చిన్నవే, కానీ ప్రేక్షకుల చేత ఫిర్యాదు లేఖలు రాయించేవి

అమెరికాలో ప్రాసిక్యూషన్ నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీకి ఎన్నికల ఒత్తిడి ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఆ పని చేసే క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్‌లో ఎవరూ ఎన్నిక కారు. ఆ ఒత్తిడిని "శిక్ష పడే వాస్తవమైన అవకాశం ఉందా, ప్రజాప్రయోజనం ఉందా" అని కేసు నడపాలా వద్దా తేల్చే రెండు పరీక్షల్లోకి మార్చండి. లెఫ్టినెంట్ స్థానంలో డీఐ (డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్) వస్తాడు. నిర్బంధం మామూలుగా 24 గంటలు, తీవ్ర నేరాల్లో సూపరింటెండెంట్ అనుమతితో 36, మేజిస్ట్రేట్ కోర్టు ద్వారా మొత్తం 96 దాకా. గడియారం కావాలంటే ఇదే మీ గడియారం. చాలామంది పోలీసుల దగ్గర తుపాకీ ఉండదు, కనుక తలుపు బద్దలుకొట్టే సీనుకు సాయుధ బృందాన్ని పిలిపించండి, లేదా కాల్పులు లేకుండా రాయండి.

సమస్య 5: తాజా వార్తలోంచి తీసిన కథ లాయర్ దగ్గర ఆగిపోతోంది

అమెరికాలో నిన్నటి వార్తను కథగా వాడతారు. బ్రిటన్‌లో 1981 కోర్టు ధిక్కార చట్టం ప్రకారం అరెస్టు జరిగితే చాలు, కేసు నడుస్తున్నట్టే. జ్యూరీ మీద ప్రభావం చూపే తీవ్రమైన ప్రమాదం ఉంటే ప్రసారం చేసినవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. ముగిసిన కేసులనే వాడండి, లేదా రెండు మూడు కేసుల నుంచి అంశాలు కలిపి గుర్తుపట్టలేనట్టు చేయండి. లాయర్‌కు స్క్రిప్టు రెండుసార్లు చూపించాలి: షూటింగ్‌కు ముందు ఒకసారి, ప్రసారమయ్యే వారంలో మరోసారి. ఈలోగా అలాంటి కేసులో ఎవరైనా అరెస్టయితే ఆ ఎపిసోడ్ పక్కన పెట్టి వేరేది వేయాల్సి రావచ్చు, కాబట్టి వరుస మార్చడానికి వీలుగా ఒక విడి ఎపిసోడ్ సిద్ధంగా ఉంచుకోండి.