12 ఏళ్ల తర్వాత గిటార్ క్లాసుకి వెళ్లాను

సొంతంగా నేర్చుకుని 12 ఏళ్లు వాయించాను, ఆర్కే బీచ్‌లో ఫ్రెండ్స్ ఏ పాట అడిగినా పట్టేసేవాణ్ణి, కానీ ఎఫ్ బార్ కార్డ్ (చూపుడువేలితో ఆరు తీగలూ ఒకేసారి నొక్కి పట్టే స్వరాల కూర్పు) రెండు నిమిషాలు పట్టుకుంటే మణికట్టు లాగేసేది, రెండో తీగ గరగరమనేది. తీగలదే తప్పనుకున్నాను (మన విశాఖ ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి కదా), మార్చినా అంతే.

చివరికి ఎంవీపీ కాలనీలో ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన పాట అడగలేదు, నా బొటనవేలు చూశారు. అది గిటార్ నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం) పైకి ఎక్కి ఉంది. దాన్ని నెక్ వెనక మధ్యకి దించి, చూపుడువేలిని కాస్త పక్కకి తిప్పి, గట్టిగా ఉండే అంచుతో, ఫ్రెట్‌కి (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీకి) దగ్గరగా నొక్కమన్నారు. ఆరు తీగలూ పలికాయి! ఇన్నేళ్లూ ఇది నాకెవరూ చెప్పలేదు, నా చేతిని నేను ఎదుటి నుంచి చూసుకోలేను కదా.

మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన పని లేదు, నాకు నాలుగు క్లాసులు సరిపోయాయి. మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం చెప్పే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి రోజూ పది నిమిషాలు చేశాను, మూడు వారాలకి నొప్పి పోయింది.