ఫైలు లేదన్నారు, ఎం బుక్ అడిగాను

గుంటూరు బ్రాడీపేటలో మా వీధి సైడు కాలువ పని సగంలో ఆగింది. బిల్లు మాత్రం ఎప్పుడో అయిపోయిందని కాంట్రాక్టరు మనిషే నోరు జారాడు. సమాచార హక్కు చట్టం కింద ఆ పని అంచనా (ఎస్టిమేట్) కాపీ అడిగితే, 30 రోజుల గడువు ఇక ముగుస్తుందనగా 'ఫైలు అందుబాటులో లేదు' అని ఒక్క ముక్క జవాబు. సంతకం మాత్రం బ్రహ్మాండంగా ఉంది!

సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేశాను. జవాబు అందిన 30 రోజుల్లోపు, పై అధికారికి వేయాలి. పనిలో పనిగా ఇంకో కొత్త దరఖాస్తు కూడా పెట్టాను: ఫైలు ఏ సీటు నుంచి ఏ సీటుకు వెళ్లిందో రాసే రిజిస్టరు, పని కొలతలుండే ఎం బుక్, ఈ రెండూ సెక్షన్ 2(జె) కింద స్వయంగా చూస్తానని. ఫైలు పోయిందంటే సరిపోతుందేమో గానీ, ఎం బుక్‌లో కొలత ఎక్కకుండా బిల్లు ఎలా పాసవుతుంది?

రమ్మన్నారు. ఆ పేజీలో కాలువ వీధి చివరిదాకా కట్టేసినట్టు కొలతలున్నాయి. మాకైతే కిరాణా కొట్టు దగ్గరే ఆగింది. పేజీకి 2 రూపాయలు కట్టి, ధ్రువీకరించిన కాపీలు తీసుకున్నాను. పోయిన ఫైలు కూడా ఆ వారమే బీరువాలో దొరికిందట.