ఇంట్లో రెండు కార్లుంటే ఎప్పుడు ఏది తీయాలి?

రెండు కార్లున్న ఇళ్లలో వాటిని మనుషుల పేరున పంచేస్తారు: డీజిల్ బండి నాన్నగారిది, పెట్రోలు బండి కోడలిది అని. కొందరు రోజు విడిచి రోజు వంతులు వేసుకుంటారు. రెండూ తప్పే. పంచాల్సింది ప్రయాణాలను.

వారంలో ఇంటిల్లిపాదీ వెళ్లే చోట్లన్నీ రాసి, పక్కన దూరం వేయండి. తాళాలు రెండూ గుమ్మం పక్కన ఒకే మేకుకు ఉండాలి. పది కిలోమీటర్ల లోపు పనులకు పెట్రోలు కారు, దూరాలకు డీజిల్ కారు.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. డీజిల్‌కు ఖర్చు తక్కువ కదా అని బడికీ, కూరగాయలకూ అదే తీస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే వాహన కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే వడపోత ఉంటోంది. ఆ మసి కాలిపోవాలంటే వడపోత బాగా వేడెక్కాలి. రెండు కిలోమీటర్లకే బండి ఆపేస్తే ఎక్కడ వేడెక్కుతుంది? మసి పేరుకున్నప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్మి దాన్ని కాల్చబోతుంది. సరిగ్గా అప్పుడే బండి ఆపేస్తారు. పదే పదే ఇలా జరిగితే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది.

ఆయిల్ కొలిచే పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ పై గీత దాటి, డీజిల్ వాసన కొడుతోందా? తగ్గలేదు కదా అని ఊరుకోకండి, పెరగడమే ప్రమాదం. ఆయిల్ మార్పించేదాకా బండి నడపొద్దు.

డీపీఎఫ్ దీపం వెలిగిన రోజే, హైదరాబాద్‌లో అయితే ఔటర్ రింగు రోడ్డెక్కి అరగంట ఆగకుండా నడపండి. ఇంటి ముందు నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కడం దానికి సాటి రాదు. అప్పటికీ దీపం ఆరకపోతే వర్క్‌షాపుకు తీసుకెళ్లాల్సిందే.

ఊళ్లకు ఒకే కారు వాడాలనడానికి ఇంకో కారణం ఉంది. జాతీయ రహదారుల టోల్ కోసం 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఏడాదికి లేదా 200 ట్రిప్పులకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. అది ఒక్క బండికే. రెండో దానికి మార్చుకోలేరు. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు దాటితే మూడు ట్రిప్పులు. ఔటర్ రింగు రోడ్డు జాతీయ రహదారి కాదు కనుక అక్కడ ఈ పాస్ చెల్లదు.

కదలకుండా ఉన్న కారును ఆదివారం పొద్దున్నే అరగంట తిప్పండి. నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆడిస్తే బ్యాటరీ నిండదు.