గియోన్ పండగ రాత్రి వీధి బండ్ల దగ్గర ఏం తినాలి, ఎలా తినాలి

జులైలో జపాన్ వెళ్తుంటే 15, 16 సాయంత్రాలు క్యోటోకి ఉంచుకోండి. 17న గియోన్ పండగ మొదటి ఊరేగింపు, దానికి ముందు ఈ రెండు రాత్రులూ షిజో వీధి చుట్టుపక్కల కార్లు ఆపేసి రోడ్డంతా జనానికి వదిలేస్తారు, సందు సందుకీ తిండి బండ్లే. 24న రెండో ఊరేగింపు ఉంది గానీ, దాని ముందు రాత్రుళ్లు ఈ సందడి ఉండదు.

క్యాష్ తప్పనిసరి. వెయ్యి యెన్ల నోట్లు, వంద, ఐదొందల నాణేలు జేబులో వేసుకోండి, బేరాలుండవు.

ముందు ఓ చుట్టు తిరిగి చూసి కొనమని అందరూ చెప్తారు కదా, మురొమాచి, షిన్‌మాచి లాంటి ఇరుకు సందుల్లో అది కుదరదు, జనాన్ని ఒకవైపే నడిపిస్తారు కాబట్టి దాటిన బండి దాటినట్టే. నచ్చితే అక్కడే కొనేయండి. కాకపోతే డబ్బాల్లో సర్ది పెట్టినవి వద్దు, మీ కళ్ల ముందు పెనం మీంచి దిగుతున్నవే తీసుకోండి. ఇద్దరికి ఒక ప్లేటు చాలు, అప్పుడే నాలుగు రకాలు రుచి చూడొచ్చు. తాకోయాకి, అంటే ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చిన పిండి ఉండ, పైన చల్లారినట్టే ఉంటుంది, లోపల మాత్రం నోరు కాలుతుంది. పుల్లతో చీల్చి, ఆవిరి పోయాక తినండి.

శాకాహారులకు కాస్త కష్టమే. తాకోయాకి మీద చల్లే ఎండు చేప తురుము తీసేసినా లాభం లేదు, పిండిలోనే చేపల రసం కలుపుతారు. యాకిసోబా నూడుల్స్‌లో, ఒకొనొమియాకి అట్టులో సాధారణంగా పంది మాంసం ఉంటుంది. బీఫ్ తినని వాళ్లు "గ్యూ" అన్న మాట వింటే పక్కకి తప్పుకోండి. మిగిలేవి సోయా సాస్ పూసి కాల్చిన మొక్కజొన్న పొత్తు, వెన్న వేసిన ఉడికిన బంగాళాదుంప (పైన ఊరబెట్టిన స్క్విడ్ వేస్తున్నారేమో చూసుకోండి), రంగు సిరప్ పోసిన మంచు తురుము, పీచు మిఠాయి, పాకం పూసిన యాపిల్. నన్నడిగితే ఆ మొక్కజొన్న పొత్తు ఒక్కటి చాలు.

గుంపులో నడుస్తూ తినకండి, పక్కవాళ్ల బట్టలకి సాస్ అంటుతుంది, బండి పక్కనే నిలబడి ముగించండి. చెత్త ఆ బండివాళ్ల బుట్టలోనో, వాలంటీర్లు నడిపే ఎకో స్టేషన్లలోనో వేయండి.

దాహానికి రామునె తాగండి, మన గోలీ సోడాయే, తియ్యగా ఉంటుంది. మెడ దగ్గరున్న నొక్కుల్లో గోలీ ఆగేలా సీసా వంచి తాగితే అడ్డుపడదు.