దూడ వాటా, బర్రె హక్కు, కొనేవాళ్ల నమ్మకం: హలాల్‌గా పాడి నడిపే పద్ధతి

బర్రె పాలు హలాలా అని అడిగితే ఏ ముఫ్తీ సాబైనా హలాలే అని ఒక్క ముక్కలో చెప్తారు. పని మాత్రం అక్కడితో అయిపోదు. మనం తినేది హలాల్‌గానూ, తయ్యిబ్‌గానూ, అంటే శుభ్రంగా మంచిగానూ ఉండాలని ఖురాన్ రెండో సూరా (అధ్యాయం) 168వ వాక్యం రెండు మాటలూ కలిపి చెప్పింది. నహల్ సూరా 66వ వాక్యం పేడకూ నెత్తురుకూ నడుమ నుంచి వచ్చే స్వచ్ఛమైన పాల గురించి చెప్తుంది. పాలల్లో ఆ రెండూ కలవకుండా చూసుకోవడం, పాలిచ్చే జీవాన్ని గోస పెట్టకపోవడం, కొనేవాళ్లను మోసం చేయకపోవడం కొట్టం నడిపేవాళ్ల మీదే ఉంటుంది. నల్లగొండ, పాలమూరు దిక్కు ఒకటి నుంచి పది బర్రెల దాకా పెట్టుకున్న ఇళ్లకు పనికొచ్చేలా ఈ పద్ధతి రాశాం.

ముందు దూడకు

దూడకు నష్టం జరిగేంతగా తల్లిని పిండకూడదని షాఫయీ ఫిఖహ్ (ఇస్లామీ న్యాయశాస్త్రంలో ఒక శాఖ) స్పష్టంగా చెప్తుంది. ఇంకో శాఖ హనఫీ ఫిఖహ్ కూడా, దూడ వేరే మేత తినే వయసు వచ్చేదాకా దాని పాలు దానికి వదలడం మంచిదంటుంది. అంటే లెక్క దూడ దగ్గర మొదలుకావాలి, మన చెంబు దగ్గర కాదు.

ఈనిన గంటలోపే ముర్రుపాలు తాగించండి. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వని ఇళ్లు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నాయి. దూడల చావుకు ఇదొక పెద్ద కారణం. దూడ రోగనిరోధక శక్తి లేకుండానే పుడుతుంది. ముర్రుపాలల్లో ఉండే రక్షణ పదార్థాలను దాని పేగు మొదటి కొన్ని గంటల్లోనే బాగా పీల్చుకుంటుంది, ఒక రోజు దాటితే ఇక పీల్చుకోదు. పుట్టిన దుడ్డె 30 కిలోలుంటే మొదటి రోజు 3 లీటర్లు తాగాలి. అందులో సగం మొదటి రెండు గంటల్లో, మిగతాది రెండు మూడు సార్లుగా తాగించండి. జున్ను వండుకోవాలనుకుంటే దూడ కడుపు నిండాక మిగిలిన పాలతోనే వండుకోండి. తాగడం వల్ల మాయ ఆగదు. దూడ చీకితే గర్భసంచి ముడుచుకొని మాయ తొందరగా పడుతుంది కూడా.

మొదటి నెల దూడ బరువులో పదో వంతు పాలు రోజూ పోయాలి. రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు. ఈలోగా రెండో వారం నుంచి లేత గడ్డి, కొంచెం దాణా ముందర పెడుతుండాలి. "ఒక రొమ్ము దూడకు వదిలేశాం" అనేవాళ్లు ఏ రొమ్ము వదిలారో చూసుకోవాలి. బర్రెకు వెనక రెండు రొమ్ముల్లోనే సుమారు 60 శాతం పాలుంటాయి. రోజుకు 8 లీటర్లిచ్చే బర్రెకు వెనక రొమ్ము ఒకటి వదిలితే దూడకు దాదాపు రెండున్నర లీటర్లు పోతాయి, మిగతా రొమ్ముల చివరి పాలతో లెక్క సరిపోతుంది. ముందటి రొమ్ము వదిలితే లీటరున్నరకు కొంచెమే ఎక్కువ. రోజుకు 4 లీటర్లే ఇచ్చే బర్రెకైతే మొదటి నెల రెండు వెనక రొమ్ములూ వదలాల్సిందే.

దున్నదూడ పుడితే పాలు దండగని కడుపు మాడ్చి చంపడం మన దిక్కు ఎవరూ పైకి చెప్పరు గానీ అందరికీ తెలిసిందే. దీనికి షరియత్‌లో ఏ సందూ లేదు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, వదలకుండా చంపిన ఆడమనిషి నరకానికి పోయిందన్న హదీసు (ప్రవక్త మాట) బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. పెంచే స్తోమత లేకపోతే మూడు నెలలు సాకి, పెంచుకునేవాళ్లకు ఇచ్చేయండి.

పది పదిహేను రోజుల వయసులో దుడ్డెకు మట్టిరంగు పారుడు, కంపు, కడుపు ఉబ్బరం వస్తే పాలు ఎక్కువై అరగలేదని పాలు బంద్ చేస్తుంటారు. అసలు కారణం చాలాసార్లు ఏలికపాములు. వాటి పిల్లలు తల్లి పాల ద్వారానే దూడకు చేరతాయి. పాలు ఆపకుండా పశువుల డాక్టరును అడిగి పైపరజిన్ నట్టల మందు దూడ బరువును బట్టి తాగించండి. రెండో వారంలో మొదటి మోతాదు, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు ఇంకోటి.

దూడ చనిపోతే తోలు ఒలిచి గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టే అలవాటు ఉంది. తల్లి దాన్ని నాకి చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దింపుతుంది. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. జబహ్ (షరియత్ పద్ధతిలో కోత) కాకుండా చచ్చిన జీవం తోలు పదును పెట్టేదాకా నజిస్ (అపవిత్రం), దాన్ని తడిచేత్తో పట్టుకొని అదే చేత్తో పిండితే పాల సంగతి అనుమానంలో పడుతుంది. రెండోది, తోలు కుళ్లి ఈగలు, రోగాలు వస్తాయి. దానికి బదులు రోజూ ఒకే మనిషి, ఒకే వేళకు, ముందర దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి రెండు మూడు నిమిషాలు మెల్లగా నిమిరితే చాలా బర్రెలు కొద్ది రోజుల్లో దూడ లేకుండానే చేపడం నేర్చుకుంటాయి. ఆ కొద్ది రోజులు పాలు తగ్గుతాయి, ఓర్చుకోవాలి.

పిండేటప్పుడు

గోళ్లు తీసుకోవాలి. పశువుల పొదుగులు గీసుకుపోకుండా గోళ్లు కత్తిరించుకోమని మీ పిల్లలకు చెప్పండని ప్రవక్త (స) ఒక సహాబీకి (తన సహచరుడికి) చెప్పిన మాట ముస్నద్ అహ్మద్ అనే హదీసు గ్రంథంలో ఉంది. రొమ్మును అరచేతి నిండా పట్టి పై నుంచి కిందికి వేళ్లు ఒక్కోటీ ముడుస్తూ పిండాలి. బొటనవేలు మడిచి కణుపుతో నొక్కితే రొమ్ము లోపలి పొర దెబ్బతిని గట్టిపడుతుంది, పొదుగువాపు అక్కడే మొదలవుతుంది. చేతికి పాలు, నూనె పూసుకోకుండా పొడిచేత్తో పిండండి.

ప్రతి రొమ్ము నుంచి మొదటి మూడు నాలుగు ధారలు నల్లటి గిన్నెలోకి తీయండి. పలుకులు, నీళ్లపాలు, ఎర్రజీర కనిపిస్తే ఆ రొమ్ము పాలు కలపకూడదు. కారే నెత్తురు హరామని అన్ఆమ్ సూరా 145వ వాక్యం. మందులేమో పాలు తాగేవాళ్లకు మంచివి కావు. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వాడితే ట్యూబు మీద రాసిన గడువు దాకా, ఏమీ రాసి లేకపోతే కనీసం 7 రోజులు ఆ పాలు పాల కేంద్రానికి పోయకండి. మందు ఒక రొమ్ముకే ఎక్కించినా గడువు నాలుగు రొమ్ముల పాలకూ వర్తిస్తుంది.

పాల బకెట్‌లో మేక పెంటిక లాంటి గట్టి ముక్క పడితే, అది కరగకముందే, రంగు రాకముందే తీసేస్తే పాలు వాడుకోవచ్చని హనఫీ ఫిఖహ్ వెసులుబాటు ఇస్తుంది. బర్రె పేడ మెత్తన, పడీ పడగానే కలిసిపోతుంది. కాబట్టి ఆ పాలు పారబోయాల్సిందే. ఉచ్చ చింది పడినా అంతే. పిండేముందు తోక కడిగి కాలికి కట్టేస్తే ఈ బాధ సగం తప్పుతుంది.

చేపుకు కారణమైన పాలు పొదుగులో కొంచెం వదలమని కూడా హదీసు ఉంది. చివరి చుక్క దాకా మనం పిండకుండా దూడకు వదిలితే అది నెరవేరుతుంది, పొదుగులో పాలు నిలవ ఉండవు కూడా. పొదుగువాపు వచ్చిన రొమ్ముకు మాత్రం ఇది వర్తించదు, దాన్ని పూర్తిగా ఖాళీ చేయాలి.

ఇక చేపడానికి వేసే ఆక్సిటోసిన్ సూది సంగతి. బర్రె చేపడానికి దాని ఒంట్లోనే ఊరే ఆక్సిటోసిన్ హార్మోన్ చాలు. దాని పని కొన్ని నిమిషాలే, అందుకే చేపాక ఏడెనిమిది నిమిషాల్లో పిండడం ముగించాలి. పూటపూటకూ సూది పొడిస్తే బర్రె సూది లేకుండా చేపడం మర్చిపోతుంది, ప్రతిసారీ నొప్పి పడుతుంది. నష్టం చేయకూడదు, నష్టానికి నష్టం కూడదు అన్నది ఇస్లామీ న్యాయంలో మూలసూత్రం. జంతుహింస నివారణ చట్టం 1960, 12వ సెక్షన్ కూడా పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెడగొట్టే సూదులు వేయడాన్ని నేరంగా చూస్తుంది. వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు, పశువును కూడా జప్తు చేయొచ్చు. సూది వేసినంత మాత్రాన ఆ పాలు హరామని మేం అనం. వేసిన చెయ్యి మాత్రం గునాహ్ (పాపం) నుంచి తప్పించుకోదు.

కొట్టడం గురించి ఒక్క మాట: ముఖం మీద కొట్టడం, ముఖం మీద వాత పెట్టడం రెండూ హదీసులో నిషేధం. పశుసంవర్ధక శాఖవాళ్లు చెవికి వేసే 12 అంకెల పసుపు ట్యాగుకు అభ్యంతరం లేదు. గుర్తు కోసం ప్రవక్త (స) జీవాల చెవుల మీద ముద్ర వేసినట్టు బుఖారీలో ఉంది.

మేత, నీళ్లు

ఎక్కువగా మలినం తిని బతికే జీవాన్ని జల్లాలా అంటారు. దాని మాంసం, పాలు వద్దని సహాబీ ఇబ్నె ఉమర్ (రజి) చెప్పిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఎప్పుడో ఒకసారి చెత్తలో మూతి పెట్టినంత మాత్రాన బర్రె జల్లాలా కాదు. ఒంటికి, పాలకు వాసన వచ్చేంతగా అదే దాని తిండైతే అప్పుడు కట్టేసి శుభ్రమైన మేత పెట్టాలి. హనఫీ పుస్తకాల్లో ఆవు, బర్రెలకు పది రోజులు, మేకకు నాలుగు, కోడికి మూడు రోజుల గడువు చెప్పారు. అసలు గీటురాయి మాత్రం వాసన పోవడమే. మున్సిపాలిటీ డంపు దగ్గర తిరిగే బర్రెలకు ఇది వర్తించవచ్చు, పైగా వాటి కడుపులో ప్లాస్టిక్ చేరి మేత ఆడక చస్తాయి.

వలిగొండ, పోచంపల్లి దిక్కు మూసీ నీళ్లతో పెంచే పారాగడ్డి తిన్నంత మాత్రాన జల్లాలా అనలేం, మొక్క మలినాన్ని మార్చుకొని పెరుగుతుందన్నది ఎక్కువమంది ఆలిమ్‌ల (మతపండితుల) మాట. ఆరోగ్యం లెక్కన మాత్రం అది మంచి మేత కాదు. తప్పనిసరైతే నీటిమట్టం పైభాగమే కోసి, ఎండకు వాడ్చి వేయండి. కాలేయపు జలగల పిల్లదశ తిత్తులు నీళ్లకు ఆనుకున్న కాడలనే పట్టుకొని ఉంటాయి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు పాత బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ జాస్తి. పళ్ల మీద గోధుమరంగు చారలు, తొందరగా అరిగిపోయిన పళ్లు, కుంటు కనిపిస్తే బోరు నీళ్లు మాని మిషన్ భగీరథ నల్లా నీళ్లో చెరువు నీళ్లో పెట్టండి. ఎండాకాలం పాలిచ్చే బర్రెకు రోజుకు 60 నుంచి 80 లీటర్లు తాగడానికే కావాలి, ఒంటి మీద పోసేది వేరే. దాణా సంచి కొనేటప్పుడు ఎముకల పొడి, మాంసం, రక్తం కలపలేదని చూసుకోండి. పాడి పశువుల దాణాలో అవి కలపకూడదని ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది.

అంగడిలో

దేవరకద్ర లాంటి అంగళ్లల్లో అమ్మే ముందు ఒకటి రెండు పూటలు పిండకుండా పొదుగు నింపి తేవడం పాత మోసం. అరబ్బులు దీన్ని తస్రియా అన్నారు. బుఖారీ, ముస్లింలలోని హదీసు ప్రకారం అలా మోసపోయి కొన్నవాడికి మూడు రోజుల గడువుంది. నచ్చితే ఉంచుకోవచ్చు, లేదా తాగిన పాలకు బదులు ఒక సా (అప్పటి ఒక కొలత) ఖర్జూరాలతో జీవాన్ని వాపస్ ఇవ్వొచ్చు. ఎక్కువ మజహబ్‌లు (ఫిఖహ్ శాఖలు) ఇలాగే తీసుకున్నాయి. హనఫీలు వాపస్‌ను ఒప్పుకోరు, కొన్నవాడికి ధరలో నష్టం రాబట్టుకునే హక్కు ఉందంటారు. ఈ తకరారు రాకుండా ఉండాలంటే బేరంలోనే "మూడు రోజులు చూసుకొని, చెప్పినన్ని పాలు రాకపోతే వాపస్" అన్న షరతు కాగితం మీద రాసుకోండి. చెవి ట్యాగు నంబరు, ఎన్నో ఈత, సూడిదా కాదా, పూటకు ఎన్ని లీటర్లు, ఏ రొమ్ము సరిగా లేదు, తన్నుతుందా అన్నవీ అందులోనే రాయాలి.

కొనేవాళ్లు అంగడిలో పిండి చూపించిన పాలను నమ్మకండి. అమ్మేవాళ్ల ఇంటికే పోయి ముందు పూట పొదుగు పూర్తిగా ఖాళీ చేయించి, తర్వాత రెండు పూటలు ఎదురుగా పిండించుకోవాలి. పాలు కారుతున్న రొమ్ములు, బిగుసుకొని మెరిసే పొదుగు, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడడం పూట తప్పించారన్న గుర్తులు. అలా ఆపిన పొదుగుకు వాపు వచ్చే ప్రమాదం కొన్నవాడి నెత్తిన పడుతుంది, బాధ మాత్రం బర్రెది.

పాలల్లో నీళ్లు కలపడం గురించి చెప్పేదేమీ లేదు. మోసం చేసినవాడు మావాడు కాదన్న హదీసు అందరికీ తెలుసు. ఆవు పాలు బర్రె పాలల్లో కలిపితే కలిపామని చెప్పండి, అప్పుడు తప్పు లేదు.

వట్టిపోయాక

ఈనడానికి రెండు నెలల ముందు పిండడం ఆపేయాలి, లేకపోతే పొదుగు కోలుకోదు, వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. పాలు లేవని ఆ రెండు నెలలు వట్టి వరిగడ్డి మీద పెట్టడం ఈ దిక్కు మామూలే. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది అప్పుడే కాబట్టి రోజుకు రెండు కిలోల దాణా ఇవ్వాలి.

అతిథి కోసం జీవాన్ని కోయబోతున్న అన్సారీతో (మదీనా సహాబీతో) పాలిచ్చేదాన్ని వదిలెయ్యమని ప్రవక్త (స) చెప్పిన హదీసు ముస్లింలో ఉంది. కోత దాకా వస్తే 1977 నాటి గోవధ నిషేధ చట్టం ప్రకారం ఆవును కోయడం నిషేధం. బర్రె, దున్నలకు పశువైద్యాధికారి సర్టిఫికెట్ కావాలి. కత్తికి పదును జీవం కళ్లముందు పెట్టకూడదు.

నెయ్యిలో ఎలుక పడితే

పేరుకున్న నెయ్యైతే ఎలుకనూ దాని చుట్టూ ఉన్న నెయ్యినీ తీసి పారేసి మిగతాది తినవచ్చని బుఖారీలో హదీసు ఉంది. నాలుగు వేళ్ల మందం తీస్తే మనసుకు అనుమానం ఉండదు. కరిగిన నెయ్యైతే తినకండి. ఎండాకాలం మన ఇళ్లల్లో నెయ్యి పేరుకోదు, అందుకే మార్చి నుంచి జూన్ దాకా మూత బిగిసే స్టీలు డబ్బాలోనే పోసుకోండి.