మోటారుహోమ్ వెనక కారు తగిలించినా మైలేజీ పడిపోకుండా చూసుకోవడం ఎలా?

మోటారుహోమ్ (ఇల్లులా అమర్చిన పెద్ద బండి) వెనక కారు తగిలించాక మైలేజీ ఘోరంగా పడిపోతే, కారు బరువు మరి, ఏం చేస్తాం అని సరిపెట్టుకుంటారు చాలామంది. ఆ తర్వాత ట్యాంకులో వేసే బిళ్లలు, డీజిల్ గొట్టానికి కట్టే అయస్కాంతాలు కొంటారు. అదంతా దండగ. 9,000 కిలోల మోటారుహోమ్‌కి 1,500 కిలోల కారు అంటే ఆరో వంతు బరువే. పైగా అది పెద్ద బండి చాటున వస్తుంది, గాలిని చీల్చే పని ముందున్నదే చేస్తుంది. కాబట్టి చదును రోడ్డు మీద స్వేచ్ఛగా దొర్లే కారు పెద్దగా ఇంధనం తినదు. తింటోందంటే ఎక్కడో పట్టేస్తోందన్నమాట. ఆ పట్టు ఎక్కడుందో కనిపెట్టి వదిలించడమే కష్టం. మిగతా పనులన్నీ ఒక పూటలో తెమిలిపోతాయి.

కావలసినవి: 150 పీఎస్‌ఐ దాకా చూపించే గాలి గేజి, దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, ఒక నోటుబుక్కు, తోడుగా ఒక మనిషి. లారీలు తూచే కాటా దగ్గర్లో ఎక్కడుందో కూడా తెలుసుకుని ఉంచుకోండి.

1. ముందు ఇప్పటి లెక్క తేల్చండి

డాష్‌బోర్డు మీది మైలేజీ అంకెను పట్టించుకోవద్దు. చాలా బండ్లలో అది ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్యాంకు ఫుల్ చేయించి, ట్రిప్ మీటరు జీరో చేసి, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. 880 కి.మీ.కి 220 లీటర్లు పడితే మైలేజీ 4.0. ఇంతకు మించిన లెక్క అక్కర్లేదు.

అయితే నింపడంలోనే చాలామంది తప్పు చేస్తారు. డీజిల్ నురగ కడుతుంది. గన్ను పూర్తిగా నొక్కి కొడితే ట్యాంకు నిండకముందే టక్కుమని ఆగిపోతుంది. సగం వేగంతో కొట్టించండి, మొదటిసారి ఆగగానే ఆపేయండి, ప్రతిసారీ అలాగే చేయండి. నురగ వల్ల 10 లీటర్లు తేడా వచ్చినా 250 లీటర్లు నింపినప్పుడు అది 4 శాతమే. 60 లీటర్లు నింపి లెక్క కట్టారంటే అదే 10 లీటర్లు ఆరో వంతు తప్పు. పావు ట్యాంకు పోయించి "ఈసారి మైలేజీ పెరిగింది" అనడం అందుకే అర్థంలేని మాట. మూడు ఫుల్ ట్యాంకుల సగటు తీయండి.

చాలా మోటారుహోమ్‌లలో జనరేటరు కూడా అదే ట్యాంకు నుంచి తాగుతుంది. కొలిచే రోజుల్లో దాన్ని ఆపేయండి. ఆపలేకపోతే ఎన్ని గంటలు నడిచిందో రాసుకోండి.

2. బరువు, టైర్లలో గాలి

మంచినీళ్ల ట్యాంకు నిండా నింపుకుని బయల్దేరకండి. లీటరంటే కిలో. 300 లీటర్లంటే నలుగురు మనుషుల కన్నా ఎక్కువ బరువు. దారికి పావు ట్యాంకు చాలు, దిగే చోట నింపుకోవచ్చు. వాడిన నీళ్ల ట్యాంకులు కూడా బయల్దేరే ముందే, వాటికి కేటాయించిన చోట ఖాళీ చేయాలి. కప్పు మీద సైకిళ్లు, పెట్టెలు పెట్టొద్దు. గాలిలో రెపరెపలాడే టార్పాలిను అసలే వద్దు.

తర్వాత కాటా. ప్రయాణానికి సర్దుకున్నట్టే అన్నీ సర్దుకుని, కారు తగిలించుకుని, ముందు ఇరుసు, వెనక ఇరుసు, కారు వేర్వేరుగా తూయించండి. టైరు మీద రాసి ఉన్న అంకె, ఆ టైరు గరిష్ఠ బరువు మోసేటప్పుడు కావలసిన గాలి. మీ బండికి ఎంత ఉండాలన్నది ఇరుసు బరువును బట్టి టైరు తయారీదారు పట్టికలో చూడాలి. జంట టైర్లకు, ఒంటి టైర్లకు వేర్వేరు వరసలు ఉంటాయి, తికమక పడకండి. రెండు వైపుల బరువులో తేడా ఉంటే ఎక్కువ బరువున్న వైపు అంకెనే తీసుకుని ఆ ఇరుసు టైర్లన్నిటికీ ఒకే గాలి కొట్టించాలి.

గాలి చూడాల్సింది చల్లటి టైర్లలోనే, అంటే బండి కనీసం 3 గంటలు ఆగి ఉన్నాక. 100 పీఎస్‌ఐ ఉన్న టైరులో 10 డిగ్రీల వేడికి సుమారు 4 పీఎస్‌ఐ పెరుగుతుంది. నడిచొచ్చిన బండిలో గాలి ఎక్కువైందని తీసేస్తే మర్నాడు పొద్దున టైరు మెత్తబడి ఉంటుంది. జంట టైర్లలో లోపలిదాన్ని కర్రతో కొట్టి చప్పుడు విని సరిపెట్టే అలవాటు మానుకోండి. 20 పీఎస్‌ఐ తక్కువైనా ఆ చప్పుడులో తేడా తెలియదు. లోపలి వాల్వు అందకపోతే పొడిగింపు గొట్టం వేయించుకోండి.

3. కారు నిజంగా దొర్లుతోందా?

ఇక్కడ తొందరపడొద్దు. నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగే పద్ధతి గురించే ఈ వివరమంతా, ఎందుకంటే లాగితే అలాగే లాగాలి. ట్రైలరు మీదెక్కిస్తే ఆ ట్రైలరు బరువే 700 నుంచి 1,000 కిలోలు. నలువైపులా మూసిన ట్రైలరైతే అది బండి చాటున కూడా ఒదగదు, పక్కలకూ పైకీ పొడుచుకొచ్చి గాలికి ఇంకో గోడ అవుతుంది. ముందు చక్రాలు మాత్రం ఎత్తి లాగే డాలీ అయితే మరో రెండు టైర్లు, మరో జత బేరింగులు చూసుకోవాలి. కాకపోతే నాలుగు చక్రాల మీద లాగడానికి ప్రతి కారూ పనికిరాదు. కారు మాన్యువల్‌లో ఆ మాట స్పష్టంగా రాసి ఉంటేనే లాగండి. న్యూట్రల్‌లో పెట్టినా లోపల నూనె తిరగని ఆటోమేటిక్ గేరుబాక్సులు చాలా ఉన్నాయి, అవి లాగుతుంటే కాలిపోతాయి. కొన్ని మోడళ్లలో ట్రాన్స్‌ఫర్ కేసును (ఇంజను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) న్యూట్రల్ చేశాకే అసలు గేరు మార్చాలి. కొన్నిటిలో ఫలానా ఫ్యూజు తీయాలి. ఆ వరస మాన్యువల్లో ఎలా ఉంటే అలాగే చేయాలి.

ఇప్పుడు పట్టు సంగతి. ఒక బ్రేకు కేవలం 20 కిలోల బలంతో పట్టి ఉందనుకోండి. స్టీరింగు దగ్గర కూర్చున్నవాళ్లకు అది తెలియనే తెలియదు, అంత పెద్ద ఇంజనుకి అదొక లెక్కలోది కాదు. కానీ 100 కి.మీ. పోయేసరికి దాదాపు లీటరున్నర డీజిల్ దానికే ఖర్చవుతుంది. 90 కి.మీ. వేగంలో ఆ బ్రేకు దగ్గర పుట్టే వేడి ఐదు కిలోవాట్లు, అంటే రెండు గీజర్ల పైమాటే. మైలేజీ ఒక్కటే పోతే సరే అనుకోవచ్చు. ఇలాంటి వేడికే బేరింగులో గ్రీజు కారిపోతుంది, టైరు అంటుకుంటుంది. అద్దంలో పొగ కనబడే దాకా ముందు కూర్చున్నవాళ్లకు తెలియదు.

పట్టడానికి మొదటి కారణం హ్యాండ్ బ్రేకు. లివరు దింపినంత మాత్రాన సరిపోదు, పాత కేబులు తుప్పు పట్టి వెనక చక్రాల దగ్గర ఇరుక్కుని ఉండొచ్చు. ఎలక్ట్రానిక్ బ్రేకు ఉన్న కార్లలో, ఇంజను ఆపగానే లేదా తలుపు తెరవగానే దానంతటదే పడిపోయేవి ఉన్నాయి. మీరు వదిలేసి దిగుతారు, అది మీ వెనకే మళ్లీ పట్టుకుంటుంది. అందుకే టో బార్ (కారును మోటారుహోమ్‌కి కలిపే కడ్డీ) తగిలించకముందే, చదును నేల మీద, గేరు న్యూట్రల్లో పెట్టి, తోడున్న మనిషిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి కారును చేత్తో తోయండి. 1,500 కిలోల కారు కదలడానికి 15 కిలోల బలం చాలు. ఇద్దరు ఆపసోపాలు పడితే గానీ కదలకపోతే దాన్ని లాగకండి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. డిస్కు బ్రేకుల్లో డిస్కును నొక్కిపట్టే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోవడం ఎక్కువసార్లు బయటపడే లోపం. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు వాడే గ్రీజే రాస్తే పోతుంది.

రెండోది, ఎక్కువమంది పాడుచేసేది, కార్లో పెట్టే అదనపు బ్రేకు పెట్టె. మోటారుహోమ్ బ్రేకు వేసినప్పుడు కారు పెడల్‌ను నొక్కే యంత్రం ఇది. దీన్ని అమర్చే ముందు కారు ఇంజను ఆపి, పెడల్ గట్టిపడే దాకా నాలుగైదు సార్లు కాలితో తొక్కాలి. బూస్టరులో (పెడల్ తొక్కే బలాన్ని పెంచే భాగం) మిగిలిన వ్యాక్యూమ్ అప్పుడే పోతుంది. అలా చేయకుండా బిగిస్తే పెడల్ మెత్తగా దిగుతుంది, పెట్టె కాస్త తాకినా బ్రేకు గట్టిగా పడుతుంది.

తర్వాత కాళ్ల దగ్గరి మ్యాటు తీసేయండి. దాని మీద పెడితే కుదుపులకు పెట్టె జరుగుతుంది. సీటును ముందుకు జరిపి పెట్టె వెనక్కి ఆనేలా చేయండి, అంతవరకే. కదలకుండా ఉండాలని సీటును ఇంకో రెండు మెట్లు ముందుకు నెడతారు చూడండి, ముంచేది అదే. సీటు పెట్టెను నెడుతుంది, పెట్టె పెడల్‌ను నెడుతుంది, కారు ప్రయాణమంతా సగం బ్రేకుతో వస్తుంది. పెట్టె బిగించాక కారు వెనక్కి వెళ్లి చూడండి. దాని బ్రేకు లైట్లు వెలుగుతున్నాయంటే పెడల్ నొక్కుకుని ఉన్నట్టే, సీటు వెనక్కి జరపండి. లాగడానికి ఫ్యూజు తీసిన, బ్యాటరీ విప్పిన కార్లలో ఈ పరీక్ష చెల్లదు. అక్కడ పెడల్ కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తి చూడాలి. ఇంకా పైకి రాగలిగితే అది నొక్కుకుని ఉన్నట్టే.

మూడోది స్టీరింగు తాళం. తాళం తీయకుండా లాగితే ముందు టైర్లు మలుపుల్లో ఈడ్చుకుంటూ వస్తాయి, ఒక్క ప్రయాణంలోనే అరిగిపోతాయి. తగిలించాక ఖాళీ చోట నెమ్మదిగా పాము మెలికలా నడపండి, ముందు చక్రాలు మోటారుహోమ్ వెంట తిరుగుతున్నాయో లేదో తోడున్న మనిషి పక్క నుంచి చూడాలి. వెనక్కి మాత్రం నడపొద్దు, చక్రాలు అడ్డం తిరిగి బార్ వంగిపోతుంది. అవసరమైతే కారు విప్పాకే రివర్సు.

ఇంత చేశాక కూడా అసలు పరీక్ష మిగిలే ఉంది. 20 కి.మీ. నడిపి, ఆగేటప్పుడు బ్రేకు గట్టిగా వేయకుండా వేగం దానంతటదే తగ్గేలా చేసి పక్కకు ఆపండి. వెంటనే దిగి కారు నాలుగు చక్రాల మధ్య భాగాన్ని థర్మామీటరుతో చూడండి. చేత్తో ముట్టుకోకండి, చర్మం ఊడొస్తుంది. అంకె ఎంతన్నది కాదు, ఎడమకీ కుడికీ తేడా ఎంతన్నది చూడాలి. ఒకే ఇరుసు మీద 20 డిగ్రీలకు మించి తేడా ఉంటే వేడిగా ఉన్న చక్రం పట్టినట్టే. నాలుగూ సమానంగా కాలుతుంటే పెడల్ నొక్కుకుని ఉంది, సీటు దగ్గరికి వెళ్లండి. ఎండ పడే వైపు కొంచెం ఎక్కువ చూపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఈ పరీక్ష తగిలించిన ప్రతిసారీ చేయాల్సిందే. నిన్న బాగుంది కదా అనకండి, నిన్న సీటు వేరే చోట ఉంది.

4. నడపడం

90 దాటొద్దు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 110 నుంచి 90కి దిగితే అది మూడో వంతు తగ్గుతుంది. ఎదురుగాలి 30 ఉన్న రోజు 90లో పోతే బండి 120 గాలిని చీలుస్తున్నట్టే. అలాంటి రోజు 75కి దిగండి, లేదా గాలి పడిపోయే దాకా ఆగండి. తెల్లవారుజామున గాలి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, పైగా ఏసీ కూడా అక్కర్లేదు.

అన్నిటికన్నా పై గేరు కుదురుగా నిలిచే వేగం పట్టుకోండి. గేరుబాక్సు 5కీ 6కీ మధ్య ఊగిసలాడుతుంటే చేత్తో 5లో ఉంచేయండి, ఆ ఊగిసలాటలోనే డీజిల్ పోతుంది. మెరక ఎక్కేటప్పుడు, వేగాన్ని దానంతటదే నిలిపే క్రూజ్ కంట్రోల్ తీసేయాలి. అది వేగం పడనివ్వకూడదని ఇంజనును పూర్తిగా తొక్కేస్తుంది. మీరైతే వేగాన్ని 60కి పడనివ్వవచ్చు. 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి వెనకున్న కారు ఒక్కదానికే మూడో వంతు లీటరు అవుతుంది, అది తప్పదు. గాలికి పెట్టే ఖర్చు మాత్రం మీ చేతిలో ఉంది.

పల్లంలో న్యూట్రల్ వేసేవాళ్లున్నారు. అది ప్రమాదం, పైగా పొదుపు కూడా కాదు. గేరులో ఉండగా కాలు తీస్తే ఇప్పటి ఇంజన్లు ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్లో ఐడిలింగ్‌కి తాగుతూనే ఉంటాయి. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ పోయే దారిని అడ్డగించి ఇంజనుతోనే వేగం తగ్గించేది) వేసి గేరులోనే దిగండి.

5. ఇంజను వైపు

వెనక ఇంజను ఉన్న బండ్లలో రేడియేటరు మీద దుమ్ము, ఇంజను నుంచి వచ్చే నూనె ఆవిరి కలిసి అట్ట కట్టేస్తాయి. అప్పుడు ఫ్యాను ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది, అది తినే శక్తి తక్కువేం కాదు. ఏటా ఒకసారి జిడ్డు పోయే ద్రావణంతో నానబెట్టి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగండి. గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టరును దాని దగ్గరుండే గేజి ఎరుపు చూపించినప్పుడు మార్చితే చాలు, ఊరికే మార్చినందువల్ల మైలేజీ రాదు.

ఒక ట్యాంకుకి ఒక్క మార్పే చేయండి. టైర్లలో గాలి సరిచేసి, వేగం తగ్గించి, రేడియేటరు కడిగి, అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల ఎంత వచ్చిందో తేలదు. నోటుబుక్కులో ప్రతి ట్యాంకు పక్కన గాలి ఏ వైపు నుంచి వీచిందో, దారి మెరకా పల్లమా, కారు చక్రాల వేడి ఎంతో కూడా రాసుకోండి. పోయేటప్పుడు 4.4, వచ్చేటప్పుడు 3.8 వచ్చిందంటే బండిని విప్పే ముందు ఆ గాలి వరస చూడండి.